ఎండని మట్టి, తేలని పోలిక

నా బొమ్మలు చూస్తామని ఎవరైనా ఇంటికొస్తే నాకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయ్యేది. మట్టితో తలలు చేస్తానని చుట్టాలందరికీ తెలుసు, బడిలో తోటి టీచర్లకూ తెలుసు. చూపించడానికి మాత్రం మొన్నటిదాకా ఇంట్లో ఒక్క తల లేదు. ఉన్నదల్లా వంటింటి అలమర కింది అరలో, ఒకప్పుడు మరమరాలు పోసుకున్న పెద్ద స్టీలు డబ్బాలో బూడిదరంగు ముద్ద. ఎండని మట్టి. నేనే కాచుకున్నది. "చేసిన మొహాలన్నీ ఇందులోనే ఉన్నాయి" అని మూత తీసి చూపించేదాన్ని. వాళ్ళూ నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ మాటను చాలాకాలం చమత్కారమనే అనుకున్నాను. ఈ మధ్యే దాన్ని కాస్త గిల్లి చూడాలనిపించింది.

ముందు ఈ ముద్ద దాకా ఎలా వచ్చానో చెబుతాను.

బంకమట్టితో నాకు పొసగలేదు. మట్టిది తప్పేం లేదు. దానికో వేళాపాళా ఉంది, నాకు లేదు. చెరువు మట్టి తెచ్చి నానబెట్టాలి, రాళ్ళూ వేళ్ళూ ఏరాలి, తొక్కాలి, కొన్నాళ్ళు మగ్గనివ్వాలి. తల నిలబెట్టాక తడిగుడ్డ చుట్టాలి, దానిపైన పాలిథిన్ కవరు కట్టాలి, రోజూ నీళ్ళు చిలకరించాలి. ఏమరుపాటున ఒక్క రోజు వదిలేస్తే చెవి ఎండిపోతుంది. మర్నాడు దానిమీద తడిమట్టి పెడితే అతకదు, పెళుసుగా ఊడొస్తుంది. మట్టి రేణువుల మధ్యనున్న నీరు ఆవిరైపోతే రేణువులు ఒకదాని దగ్గరికొకటి జరుగుతాయి. బొమ్మ నూటికి ఐదు నుంచి పది పాళ్ళ దాకా కుంచించుకుపోతుంది. లోపలున్న ఇనుప తీగ కుంచించుకోదు. ఇంకేముంది, మెడ దగ్గర పుట్టిన చీలిక గడ్డం దాకా పాకుతుంది. పొద్దుగూకులూ అదే పనిలో ఉండే శిల్పులకు ఇదో లెక్క కాదు. నాకు దొరికేది మాత్రం రాత్రి గిన్నెలు కడుక్కుని, మర్నాటి పాఠం చూసుకుని, అత్తయ్యకు మాత్రలిచ్చాక మిగిలే ముప్పావు గంట. పరీక్షల్లో, పెళ్ళిళ్ళ ముహూర్తాల్లో అదీ ఉండదు. వారాల తరబడి నాకోసం ఆగే మట్టి కావలసి వచ్చింది.

స్టేషనరీ కొట్లో పిల్లలకు అమ్మే రంగురంగు కడ్డీలు తెచ్చి చూశాను. మెత్తన ఎక్కువ. పామునీ పండునీ చేసుకోవచ్చు గాని కంటిరెప్ప అంచు నిలబడదు. పైగా ఎరుపూ పచ్చా వేళ్ళకు అంటుకుని, రాత్రి చేసిన పని పొద్దున్న చపాతీల్లో కనిపించేది. అసలైన శిల్పుల సరుకు విదేశం నుంచి తెప్పించుకోవచ్చు గాని, మట్టి ధరకు తోడు దాన్ని మోసుకొచ్చే ఖర్చు చూసి చేతులెత్తేశాను. తలకాయంటే కొబ్బరికాయంత చిన్నది చేసినా, లోపల కాగితాలూ థర్మోకోలూ కూరినా, రెండు కిలోలకు తక్కువ పట్టదు.

అప్పుడు నాలోని సైన్సు టీచరుకు పట్టుదల వచ్చింది. ఇంగ్లండులో బాత్ పట్టణంలో విలియం హార్బట్ అనే చిత్రలేఖనం మాస్టారు, తన విద్యార్థులు చేసిన బొమ్మను మళ్ళీ మళ్ళీ దిద్దుకోవడానికి వీలుండాలని 1897లో ఎండని మట్టిని తయారుచేశాడు. దాని పేరే ప్లాస్టిసిన్. 1899లో పేటెంటు తీసుకున్నాడు, మరుసటి ఏడు పక్కనే ఉన్న బాతాంప్టన్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. అంతకు ముందే జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఫ్రాంజ్ కోల్బ్ అనే మందుల షాపాయన ఇలాంటిదే చేశాడు. ఒకరు బడిపంతులు, ఒకరు మందులు నూరేవాడు. ఇద్దరూ నా కులంవాళ్ళే అనిపించి ధైర్యం వచ్చింది. ప్లాస్టిసిన్‌లో ఉండేది కాల్షియం లవణాల పొడి, పెట్రోలియం జెల్లీ, స్టియరిక్ ఆసిడ్ లాంటి కొవ్వు ఆమ్లాలు. ఏ పాళ్ళలో కలపాలన్నదే కిటుకు. సూత్రం మాత్రం తొమ్మిదో తరగతి పిల్లకు చెప్పినా అర్థమవుతుంది. రేణువుల మధ్య నీటికి బదులు నూనె, మైనం ఉంటే అవి ఆవిరి కావు. ఆవిరి కాకపోతే ఎండదు, కుంచించుకోదు, పగలదు.

ఆ తర్వాతి కాలం నా జీవితంలో ఎంత సరదాగా గడిచిందో చెప్పలేను. ఆదివారం వస్తే విజయవాడ వన్‌టౌన్ సందుల్లో తిరగడమే పని. మూలికల కొట్లో తేనెమైనం, కొవ్వొత్తులవాళ్ళ సామాను అమ్మేచోట పారఫిన్ మైనం, స్టియరిక్ ఆసిడ్ రేకులు, మందుల షాపులో వాజలిన్ డబ్బాలు. పొడి సంగతే పెద్ద పురాణం. మొదట చేతికందిన ముగ్గుపిండి కలిపాను. ఎంత వస్త్రకాయితం పట్టినా గరుకు పోలేదు. బుగ్గ నునుపు చేద్దామని బొటనవేలితో రాస్తే గీతలు పడేవి. బడిలో మిగిలిన సుద్దముక్కలు నూరాను. (మనం సుద్దముక్క అనేది చాలావరకు సుద్దే కాదు, జిప్సం. పిల్లలకు చెబితే నమ్మరు.) మొహానికి పూసుకునే ముల్తానీ మట్టి బాగా కలిసింది గాని నూనెను తెగ తాగేసింది. చివరికి మా వీధి పంక్చరు షాపతను ట్యూబులకు చల్లే ఫ్రెంచి చాకు ఇచ్చాడు. చేత్తో ముట్టుకుంటేనే జారిపోయే పొడి. దాన్ని సగం, సన్నటి సుద్దపొడి సగం వేశాక మట్టికి ఓ తీరు వచ్చింది.

నూనెల దగ్గరా అదే తంతు. వేరుశెనగ నూనె పోస్తే కొన్నాళ్ళకు ముక్క వాసన కొట్టింది. అవిసె నూనె సంగతి చదువుకున్నదే అయినా చూడాలనిపించింది. గాలిలోని ఆక్సిజన్ తగిలితే అది తొక్క కడుతుంది, నెమ్మదిగా గట్టిపడుతుంది. చిత్రకారుల నూనె రంగులు ఆరేది అందువల్లే. ఎండని మట్టికి అది బొత్తిగా పనికిరాదు. ఆముదానికి ఆ గుణం లేదు, వాజలిన్‌కు అసలే లేదు. ఆ రెండూ ఖాయం చేసుకున్నాను.

కాచడం ఇలా. పొడిని ముందురోజే పళ్ళెంలో పరిచి ఎండలో పెట్టాలి. తేమ ఉంటే వేడి మైనంలో పడగానే బుసబుస పొంగుతుంది. ఎండని మట్టి కావాలంటే ముందు పొడి నిఖార్సుగా ఎండాలి మరి! మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగిస్తూ అందులో చిన్న గిన్నె ఉంచాలి. తేనెమైనం 62, 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, స్టియరిక్ ఆసిడ్ 69 దగ్గర. రెండూ తేటపడ్డాక వాజలిన్, ఆముదం పోసి, గిన్నె దించి, పొడిని గుప్పెడు గుప్పెడు చల్లుతూ గరిటె తిరగడం కష్టమయ్యేదాకా కలపాలి. స్టీలు పళ్ళెంలో పోసి, చెయ్యి పట్టే వేడికి వచ్చాక మర్దించాలి. చిటికెనవేలంత తాడు చేసి వంచితే పగుళ్ళు రాకూడదు. వస్తే నూనె చాలలేదు. వేలితో నొక్కితే వేలిముద్ర గీతలతో సహా పడాలి, వేలికేమీ అంటకూడదు. అంటితే పొడి చాలలేదు. తూకంలో పొడి సగం, మిగతా సగంలో మైనం ఓ వంతు, నూనె, వాజలిన్ కలిపి ఇంకో వంతు. తిరిగి తిరిగి నేను ఆగిన లెక్క ఇది. పారఫిన్ ఒక్కటే వాడితే మట్టి పెళుసుబారి పొడుం రాలుతుంది. తేనెమైనం ఖరీదైనా జిగి దానిదే.

మరి ఈ లెక్క దగ్గర ఎందుకు ఆగానంటే, మా ఊరి ఎండ వల్ల. చలిదేశాల్లో చేసుకునే పాళ్ళు మే నెల విజయవాడలో నిలవవు. మా నాన్న తల చేస్తూ పడమటి కిటికీ పక్కన బల్ల మీద వదిలి బడికి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి కనుబొమలు జారి కళ్ళ మీద పడ్డాయి, కింది పెదవి గడ్డంలో కలిసిపోయింది. మా చిన్నాడు చూసి "అమ్మా, తాతయ్య నిద్రపోయాడే" అన్నాడు. అప్పటినుంచి వేసవికి మైనం ఎక్కువ, చలికాలానికి వాజలిన్ ఎక్కువ. కార్ల కంపెనీల్లో కొత్త మోడళ్ళను ఇప్పటికీ ఇలాంటి మైనపు మట్టితోనే చెక్కుతారు. దాన్ని వేడిపెట్టెలో మెత్తబరిచి పూస్తారు, చల్లారాక అది గీకుళ్ళకు తగినంత గట్టిపడుతుంది. అమెరికాలో జనరల్ మోటార్స్‌లో హార్లీ ఎర్ల్ ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. వాళ్ళకు ఏసీ గదులుంటాయి. మనకు పంకా.

ఇంత హడావుడి చేశాక తెలిసింది, మనవాళ్ళకు ఎండని మట్టి కొత్తేం కాదని. తమిళనాట స్వామిమలై స్థపతులు పంచలోహ విగ్రహానికి ముందు మైనపు విగ్రహం చేస్తారు. ఆ మైనంలో ఉండేవి తేనెమైనం, గుగ్గిలం, వేరుశెనగ నూనె. దాదాపు నేను వెతుక్కుంటూ తిరిగిన సరుకే. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో మైనపు ప్రతిమకు మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి వివరంగా ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్‌లో ఓజాలు చేసే డోక్రా బొమ్మలదీ అదే దారి. మట్టి దిమ్మ మీద మైనపు తీగలు చుట్టి నగలూ జడలూ తీరుస్తారు, పోతలో ఆ మైనమంతా పోతుంది. మాకు దగ్గరలోని కొండపల్లిలో మాత్రం ఇందుకు పూర్తిగా తిరగబడ్డ సరుకు వాడతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో తెల్లపొణికి బొమ్మలకు చేతులూ కాళ్ళూ అతుకుతారు. అది ఎండి బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే ఏనుగు మీది అంబారీ నిలవదు.

వీళ్ళ పనిని చదివినప్పుడూ, చూసినప్పుడూ ఒక సంగతి నాకు గుచ్చుకునేది. మైనం ఎండకపోయినా వీళ్ళ పని ఎక్కడో ఒకచోట గట్టిపడుతుంది. కంచులోనో ఇత్తడిలోనో తేలుతుంది. నా పని ఎందులోనూ తేలేది కాదు. నేను ఎండని మట్టి దగ్గరే ఆగిపోయాను.

అత్తయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. ఆవిడకు ఎనభై దాటాయి. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. నేను బల్ల ముందు కూర్చుంటే ఎదురుగా మంచం మీద కూర్చుని మర్నాటికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, నాకు తెలియని కాలపు కబుర్లు చెప్పేవారు. అలా ఆవిడ తల మొదలైంది. ముసలి మొహం చెయ్యడం తేలికని పైకి అనిపిస్తుంది, ముడతలే సగం పోలిక తెచ్చేస్తాయని. ముడతలు గీస్తే వచ్చేది ఏదో ఒక ముసలావిడ. మా అత్తయ్య కాదు. ఆవిడ పళ్ళు పోయాక పై పెదవి లోపలికి పోయింది, దాంతో ముక్కు కొన కిందికి దిగినట్టు ఉంటుంది. ఎడమ కంటి కింద తిత్తి కుడి కన్నా పెద్దది. దుద్దుల బరువుకు సాగిన చెవితమ్మె మీద రంధ్రం చుక్కలా ఉండదు, నిలువు గీతలా ఉంటుంది. ఆ గీత చెయ్యడానికి నాకు ఒక రాత్రి పట్టింది. పాత హెయిర్‌పిన్ను చదును చేసి, నూనెలో ముంచి, గుచ్చి, కొంచెం కిందికి లాగాను. దుద్దు లేకపోయినా బరువు కనిపించింది. ఆ రాత్రి గర్వంగా పడుకున్నాను.

మధ్యమధ్య అడిగేవారు. "నా మొహం ఎప్పటికవుతుందమ్మాయ్?"

"అవుతుంది అత్తయ్యా. ముక్కు దగ్గరే ఉన్నాను."

ముక్కు దగ్గర చాలాకాలం ఉన్నాను. రోజూ కొంచెం తీసేదాన్ని, కొంచెం పెట్టేదాన్ని. తర్వాత దసరా సెలవులొచ్చాయి, మా మరిది పిల్లలొచ్చారు, చిన్నవాడి బుగ్గలు చూసి మనసు లాగింది. అత్తయ్య తలను నాలుగు నొక్కులు నొక్కి, కలిపి, ముద్ద చేసి, ఆ మట్టితోనే వాడి తల మొదలుపెట్టాను. ఆవిడ నాలుగు రోజులకు గమనించారు.

"నా మొహం ఏదీ?"

"అదే మట్టి అత్తయ్యా. ఇప్పుడది మీ మనవడవుతోంది."

"అయితే నన్ను పిసికేశావన్నమాట" అన్నారు. నవ్వారు కూడా. నేనూ నవ్వాను. అయితే ఆ రాత్రి కబుర్లు చెప్పలేదు, చిక్కుడుకాయలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు.

మట్టి కరువై అలా చేశానని చాలామందికి చెప్పాను. నాకు నేనూ చెప్పుకున్నాను. తేనెమైనం ఖరీదని, ఉన్న ముద్దనే తిప్పుకోవాలని. ఒకరోజు అలమర సర్దుతుంటే పై అరలో కొత్తగా కాచి పాలిథిన్‌లో చుట్టి పెట్టిన ముద్దలు రెండు బయటపడ్డాయి. అత్తయ్య తల పిసికేసే నాటికే అవి ఉన్నాయి. తేదీ వేసి పెట్టుకోవడం నా అలవాటు కనక తప్పించుకునే వీలు లేకపోయింది. అంటే మట్టి లేక కాదు. మరెందుకు?

దానికి జవాబు వెతుక్కోవడానికి బదులు నేను మొదట డెగాను వెతుక్కున్నాను. ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గార్ డెగా జీవితకాలంలో జనానికి చూపించిన శిల్పం ఒకే ఒక్కటి, పద్నాలుగేళ్ళ చిన్న నర్తకి, 1881లో. మైనంతో చేసి, నిజమైన జుట్టు పెట్టి, గుడ్డ పావడా కట్టాడు. చూసినవాళ్ళలో చాలామంది మొహం చిట్లించారు. తర్వాత మూడున్నర దశాబ్దాలు బతికినా మరో శిల్పాన్ని ప్రదర్శనకు పెట్టలేదు. 1917లో చనిపోయాక ఆయన పనిగదిలో చూస్తే మైనంతో, ఎండని మట్టితో చేసిన బొమ్మలు నూటయాభై దాకా ఉన్నాయి. చాలావాటికి చేతులూ కాళ్ళూ విరిగిపోయాయి. ఎక్స్‌రే తీసి చూస్తే కొన్నిటి లోపల సీసా బిరడాలు, కుంచె పిడులు కనిపించాయి. ఇవాళ ప్రపంచ మ్యూజియంలలో ఉన్న ఆయన కంచు బొమ్మలన్నీ ఆయన పోయాక వారసులు పోత పోయించినవే.

ఈ కథ నాకెంతో హాయినిచ్చింది. అంతటివాడే పూర్తి చెయ్యలేదు, అంతటివాడే చూపించలేదు, నేనెంత అని సరిపెట్టుకున్నాను. ఒకసారి సాటి టీచరుతో ఇదంతా చెబుతుంటే ఆవిడ "ఆయన బొమ్మలు వెయ్యలేదా మరి?" అని మామూలుగా అడిగింది. వేశాడు. వందల కొద్దీ వేశాడు. రంగుల్లో వేసినవి ప్రదర్శించాడు, అమ్మాడు, తిట్లు తిన్నాడు, పేరు తెచ్చుకున్నాడు. ఆయన మైనాన్ని చాటున ఉంచింది ఒక పక్క అంత పని బయట పెట్టాక. నాకు ఆ ఇంకో పక్క లేదు. డెగా చాటున దాక్కోవడానికి నాకు అర్హత కూడా లేదు.

ఇక మిగిలింది అసలు మాట. పగలంతా ఎర్ర సిరా నా చేతిలో ఉంటుంది. పిల్లల జవాబు పత్రం చూసి, పటం సరిగా లేదని సగం మార్కు కోస్తాను. కన్ను పటంలో కటకం బాణం గుర్తు తప్పితే కొట్టేస్తాను. వాళ్ళు ఏడుపు మొహం పెట్టినా "రాసింది చూసే కదమ్మా మార్కులు" అంటాను. రాత్రి అదే మనిషి బల్ల ముందు కూర్చుని, ఎవరూ మార్కులు వేయడానికి వీల్లేని మట్టి కాచుకుంది. ఎండని బొమ్మ ఎప్పుడూ ఇంకా అవుతున్న బొమ్మే. "పోలిక రాలేదే" అని ఎవరైనా అంటే "ఇంకా అవలేదు" అనొచ్చు. ముక్కు దగ్గరే ఉన్నాననొచ్చు. అవుతున్నంతకాలం అది నాది. అయిందంటే చూసేవాళ్ళది. చుట్టాల్లో మొహమాటం లేనివాళ్ళే ఎక్కువ మరి. అత్తయ్య తలకు పోలిక దగ్గరపడుతున్నకొద్దీ నాకు భయం పెరిగింది. రాకపోతుందేమోనని కాదు, వచ్చాక "వచ్చింది, అయిపోయింది" అని చెయ్యి తీసెయ్యాల్సి వస్తుందని. ఆ మాట అనాల్సిన రోజు దగ్గరికి రాగానే చిన్నవాడి బుగ్గలు అందంగా కనిపించాయి.

మట్టి కాచడంలో అంత ఉత్సాహం ఎందుకుండేదో కూడా ఇప్పుడు కొంత తెలుస్తోంది. మట్టికి పరీక్ష ఉంది, తాడు వంచితే పగిలిందా లేదా అంతే. పాసో ఫెయిలో నేనే తేల్చుకుంటాను, ఎదుటివాళ్ళ కంటితో పని లేదు. మొహానికి అలాంటి పరీక్ష లేదు.

ఇంత తిట్టుకున్నాక ఒకటి ఒప్పుకోకపోతే అదీ అన్యాయమే. ఆ ముప్పావు గంటలన్నీ పిరికితనంలోనే గడిచాయంటే నేను నమ్మను. ఈ మట్టి నాకోసం వారాల తరబడి కదలకుండా కూర్చుంది. పిల్లాడికి జ్వరమొచ్చి ఇరవై రోజులు ముట్టకపోయినా, వదిలిన చోటే, వదిలిన మెత్తదనంతోనే ఉంది. ఇంటిపని, బడిపని నడుమ బతికే ఆడమనిషికి ఇంతకన్నా ఏం కావాలి? పిసికేసిన తలలు కూడా ఊరికే పోలేదు. చెవి పై అంచు కనుబొమ వరసలో, కింది అంచు ముక్కు కింది వరసలో ఉంటుందని ఆ తలల్లోనే నేర్చుకున్నాను. కింది రెప్ప గీత కాదు, మందం ఉన్న గట్టు అని నేర్చుకున్నాను. దాని మీద కన్నీటి తడి నిలుస్తుంది. ఇప్పుడు బస్సులో ఎదురుగా కూర్చున్న మనిషి మొహం నాకు ఇదివరకటిలా కనిపించదు. వినాయక చవితినాడు పోయినేటి విగ్రహం ఏదని ఎవరూ అడగరు కదా అని కూడా ఒక వాదం తయారుచేసుకున్నాను. బాగానే ఉంది, నిలవదు. అక్కడ నిమజ్జనానికో రోజుంది, పూజయ్యాకే కలుపుతారు. నేను పూజ కాకముందే కలిపేశాను.

మొన్న సంక్రాంతి సెలవుల్లో అత్తయ్యను మళ్ళీ కూర్చోబెట్టాను. "ఈసారైనా ఉంచుతావా?" అన్నారు. ఉంచుతానన్నాను. మాట తప్పకుండా ఉండటానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బస్తా ముందే తెప్పించి వసారాలో కళ్ళెదురుగా పెట్టుకున్నాను. అది తేమ పీల్చి పాడయ్యే సరుకు, ఎక్కువకాలం ఆగదు.

తల అయిందని అనిపించిన రాత్రి కాదు గాని, ఇక చాలని అనుకున్న రాత్రి మర్నాడు, ఆదివారం, పని మొదలుపెట్టాను. పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు కత్తిరించి నడినెత్తి నుంచి చెవుల వెనకగా మెడ దాకా మట్టిలో వరసగా గుచ్చాను, అచ్చు రెండు సగాలుగా విడిపోవడానికి. ప్లాస్టర్‌లో నీళ్ళు పోయకూడదు, నీళ్ళలో ప్లాస్టర్ చల్లాలి. మొదటి పూతలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపాను. తర్వాత అచ్చును ఉలితో కొట్టి తీసేటప్పుడు నీలం కనిపిస్తే మొహం దగ్గరికి వచ్చామని తెలుస్తుంది, చెయ్యి తేలిక చెయ్యాలి. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అచ్చు విప్పేసరికి ఆ వేడికి లోపలి మట్టి మెత్తబడి, అత్తయ్య మొహం చేతికి ముద్దలుగా వచ్చింది. తీసి డబ్బాలో వేశాను. అచ్చు లోపలంతా సబ్బు నీళ్ళు పూసి, రెండు సగాలూ కలిపి కట్టి, ప్లాస్టర్ పోశాను. అది అరగంట కూడా ఆగదు. అటూ ఇటూ చూసుకునే టైము ఇవ్వదు.

కొట్టి తీసేటప్పుడు ఎడమ చెవి అంచు కొంచెం చిట్లింది. చెవితమ్మె మీది నిలువు గీత మాత్రం చక్కగా దిగింది. తుడిచి, తెల్లగా ఉన్న తలను టీవీ పక్కన పెట్టాను. మా ఆయన చూసి "అమ్మే" అన్నారు. మా చిన్నాడు దణ్ణం పెట్టబోతే నానమ్మ బతికే ఉందిరా అని ఆపాల్సి వచ్చింది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి, ముందునుంచీ పక్కనుంచీ చూశారు.

"బానే ఉందమ్మాయ్. ముక్కు నాది కాదు."

ఆవిడన్నది నిజమే. ముక్కు కొన మరీ కిందికి దిగింది. ప్లాస్టర్ కనక దాన్నిక దిద్దడం కుదరదు. వచ్చినవాళ్ళందరూ ఆ ముక్కు గురించే మాట్లాడుతున్నారు. తర్వాతి తల మా పెద్దాడపడుచుది. ఈ ముక్కు చూశాక ఆవిడ కూర్చోవడానికి ఇంకా ఒప్పుకోలేదు.